చిన్న ఇంట్లో మోడల్ రైలు లేఅవుట్: తరచుగా అడిగే ప్రశ్నలు

రైలంటే ప్రాణం, కానీ ఇంట్లో చోటు లేదు. ఈ అభిరుచిలోకి రావాలనుకునేవారు ఎక్కువగా చెప్పే మాట ఇదే. రెండు పడకగదుల ఫ్లాటులోనూ, అద్దె ఇంట్లోనూ చక్కని లేఅవుట్ (పట్టాలు, స్టేషను, కొండలతో బల్ల మీద కట్టే నమూనా రైల్వే) కట్టవచ్చు. అయితే రైల్వే మొత్తాన్ని కుదించి బల్ల మీద పెట్టాలని చూడకూడదు. ఒక చిన్న స్టేషనో, ఒక వంతెనో, ఒక సొరంగమో ఎంచుకుని దాన్ని శ్రద్ధగా కట్టాలి. కింది జవాబులన్నీ ఈ నమ్మకంతో రాసినవే.

కనీసం ఎంత చోటు ఉండాలి?

రైలు చుట్టూ తిరగాలంటే ఎన్ స్కేలులో (అసలు రైలును 160 రెట్లు కుదించిన కొలత) 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న బల్ల చాలు. ముందుకూ వెనక్కూ నడిస్తే చాలనుకుంటే అడుగు వెడల్పున్న గోడ పలక మీద కూడా పని జరుగుతుంది. చెయ్యి చాచితే అవతలి అంచు అందాలి. ఒకవైపు గోడ ఉంటే బల్ల వెడల్పు 75 సెం.మీ. దాటనివ్వవద్దు. బోగీలు పట్టాలు తప్పేది ఎక్కువగా వంపుల్లో, వంపులు ఉండేది వెనుక మూలల్లో. చెయ్యి అందకపోతే ముందున్న చెట్లూ సిగ్నళ్లూ విరగకుండా వాటిని తీయలేరు.

ఎన్, హెచ్‌ఓ స్కేళ్లలో ఏది మంచిది?

హెచ్‌ఓ అంటే 1:87, అసలు రైలులో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. ఎన్ అంటే 1:160, దూరం 9 మి.మీ. జపాన్ తయారీదారులు ఎన్‌లో ఎక్కువ నమూనాలను 1:150లో, బ్రిటన్‌వారు 1:148లో చేస్తారు. పట్టాలు మాత్రం అవే.

ఒక ఎల్‌హెచ్‌బీ బోగీని (ఇప్పటి ఎక్స్‌ప్రెస్ రైళ్లలో ఉండే పొడవాటి పెట్టెను) తీసుకుని లెక్క వేద్దాం. అసలు బోగీ పొడవు 23.54 మీటర్లు. హెచ్‌ఓలో అది 27 సెం.మీ., ఎన్‌లో 14.7 సెం.మీ. ఇంజినుతో కలిపి ఐదు బోగీల రైలు హెచ్‌ఓలో మీటరున్నర దాటుతుంది, అంటే 4 అడుగుల బల్ల కన్నా రైలే పొడవు. ఎన్‌లో అదే రైలు మీటరు లోపే సర్దుకుంటుంది. కాబట్టి ఎక్స్‌ప్రెస్ రైలు పరుగెత్తడం చూడాలనుకునేవారికి ఎన్ స్కేలే దారి.

షంటింగ్, అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి రైలుగా కూర్చడం ఇష్టమైతే, ఇంజిను చక్రాలూ మెట్లూ బ్రేకు గొట్టాలూ కంటికి ఆనాలనుకుంటే హెచ్‌ఓ తీసుకోండి. నలభై దాటి, దగ్గరి వస్తువులు మసకగా కనిపిస్తున్నవారికి కూడా నా సలహా హెచ్‌ఓనే. ఎన్ వ్యాగన్‌ను పట్టాల మీద నిలబెట్టడానికి కన్నూ చెయ్యీ రెండూ కుదురుగా ఉండాలి. జెడ్ స్కేలు, అంటే 1:220, ఇంకా చిన్నది. కానీ మన దుమ్ములో దాన్ని శుభ్రంగా నడపడం కష్టం. మొదటి లేఅవుట్‌కు వద్దు.

మన బ్రాడ్‌గేజి వెడల్పు ఎక్కువ కదా, హెచ్‌ఓ పట్టాల మీద సరిపోతుందా?

మన బ్రాడ్‌గేజి (గేజి అంటే పట్టాల మధ్య దూరం) 1676 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. వస్తుంది. హెచ్‌ఓ పట్టాల వెడల్పు 16.5 మి.మీ., అది 1435 మి.మీ. గేజికి లెక్క కట్టినది. దాదాపు 3 మి.మీ. తేడా. రైలును ఎదురుగా చూస్తే తెలుస్తుంది, పక్క నుంచి చూస్తే తెలియదు. పట్టాలూ చక్రాలూ చేతితో చేసుకునే ఓపిక ఉంటే తప్ప ఈ తేడాతో సర్దుకుపోవడమే మేలు. భారతీయ రైళ్ల మోడళ్లు చేసేవారిలో చాలామంది చేసేది అదే.

ఇక్కడే చిన్న చోటుకు బాగా పనికివచ్చే ఒక మార్గం ఉంది. అదే నారోగేజి, అంటే ఇరుకు పట్టాల లైను. 762 మి.మీ. గేజిని 87తో భాగిస్తే సుమారు 8.8 మి.మీ., అంటే ఎన్ పట్టాల వెడల్పుకు దాదాపు సమానం. ఎన్ పట్టాల మీద హెచ్‌ఓ కొలతలో కట్టిన బోగీలు నడపవచ్చన్నమాట. మనకు అలాంటి లైను ఉండేది కూడా. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన 762 మి.మీ. లైను మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి. తర్వాత అది గుణుపూర్ దాకా సాగింది, ఈ శతాబ్దంలో బ్రాడ్‌గేజిగా మారింది. చిన్న ఇంజిను, మూడు నాలుగు పొట్టి పెట్టెలు, మలుపు తిరుగుతూ పొలాల మధ్య సాగే కట్ట: చిన్న బల్లకు ఇంతకంటే తగిన విషయం నాకు తోచదు. పొట్టి పెట్టెలు కాబట్టి బిగువైన వంపు కూడా సహజంగానే కనిపిస్తుంది. అక్కడి ఇంజిన్లు రెడీమేడ్‌గా దొరుకుతాయని ఆశ పెట్టుకోవద్దు. నడిచే ఎన్ ఇంజిను చట్రం కొని, పైన హెచ్‌ఓ కొలతలో ప్లాస్టిక్ షీటుతోనో త్రీడీ ప్రింటుతోనో ఒళ్లు కట్టుకోవాలి. శ్రమ ఉంది. కానీ మరెవరి ఇంట్లోనూ లేని రైలు మీ ఇంట్లో ఉంటుంది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

బాల్కనీ వద్దు. ఎండకు ప్లాస్టిక్ వంగుతుంది, వానజల్లుకు ప్లైవుడ్ ఉబ్బుతుంది, పావురాలు ఎలాగూ వస్తాయి. అటక మీద వేడి, పైగా ఎక్కి దిగడం.

దివాన్ మంచం కింద చక్రాల చట్రం మీద జరిపేలా పెట్టుకుంటే చోటు కలిసివస్తుంది, కానీ ఎత్తు కొలుచుకున్నాకే కొండలూ చెట్లూ వేయాలి. గోడకు బ్రాకెట్ల మీద పలకలా బిగించడం అన్నిటికన్నా మంచిదని నా అభిప్రాయం. కింద బల్లో, పుస్తకాలో, కుట్టు మిషనో పెట్టుకోవచ్చు. పలకను నేల నుంచి 110 నుంచి 120 సెం.మీ. ఎత్తులో బిగించండి. రైలును పైనుంచి చూస్తే బొమ్మలా కనిపిస్తుంది. కంటికి దగ్గరి ఎత్తులో చూస్తే ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసినట్టు ఉంటుంది. చిన్న లేఅవుట్‌కు ఈ ఎత్తే సగం అందం తెస్తుంది.

వంపు ఎంత ఉండాలి?

బోగీ పొడవుకు కనీసం రెండు రెట్ల వ్యాసార్ధం ఉంటే రైలు ఇబ్బంది లేకుండా తిరుగుతుంది, మూడు రెట్లుంటే చూడటానికి బాగుంటుంది. ఎన్‌లో 14.7 సెం.మీ. బోగీకి రెండు రెట్లంటే సుమారు 30 సెం.మీ. కాటో అనే జపాన్ కంపెనీ పట్టాల్లో 249, 282, 315, 348 మి.మీ. వ్యాసార్ధాల వంపు ముక్కలు దొరుకుతాయి. రెండున్నర అడుగుల బల్ల మీద 315 వేస్తే ఇరువైపులా 5 సెం.మీ. అంచు మిగులుతుంది. అదే నేను సిఫారసు చేసే కొలత. 2 అడుగుల బల్ల మీద 249 పడుతుంది కానీ పొడవైన బోగీలు మూలల్లో బాగా బయటికి పొడుచుకువస్తాయి. అక్కడ పొట్టి బోగీలూ వ్యాగన్లూ నడపండి.

ఇదే సూత్రం హెచ్‌ఓకి వర్తింపజేస్తే ఎల్‌హెచ్‌బీ బోగీకి 54 సెం.మీ. వ్యాసార్ధం కావాలి, అంటే 4 అడుగుల వెడల్పు బల్ల. చిన్న గదిలో అది కుదరదు.

రైలు ఊరికే గుండ్రంగా తిరుగుతుంటే విసుగు రాదా?

వస్తుంది. దానికి రెండు మందులున్నాయి.

ఒకటి, వెనుక సగాన్ని కనబడకుండా దాచడం. బల్ల మధ్యలో పొడవునా ఒక గోడ నిలబెట్టి దాని మీద ఆకాశం వేయండి. ముందు సగంలో స్టేషను, వెనుక సగంలో రెండు మూడు దాపు లైన్లు. రైలు రోడ్డు వంతెన కిందుగానో చింతతోపు వెనకగానో మాయమై, వెనుక లైనులో ఆగుతుంది. దాని బదులు ఇంకో రైలు రెండో వైపు నుంచి వస్తుంది. చూసేవారికి అది ఎక్కడికో వెళ్లింది, ఇది ఎక్కడినుంచో వచ్చింది. దాపు యార్డు చిన్న లేఅవుట్‌కు చేసే మేలు ఇంకేదీ చేయలేదు.

రెండోది, గుండ్రం మాటే ఎత్తకుండా షంటింగ్ యార్డు కట్టడం. బ్రిటన్‌కు చెందిన అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ ప్లాను ఇందుకు ప్రసిద్ధి. రెండు పాయింట్లు (రైలును ఒక లైను నుంచి ఇంకో లైనుకు మళ్లించే కదిలే పట్టాలు), మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క లైన్లు). ఒకదాంట్లో ఐదు వ్యాగన్లు పడతాయి, మిగిలిన రెండింటిలో మూడేసి. ఇంజిను ముందుకు లాగే లైనులో ఇంజినూ మూడు వ్యాగన్లూ మాత్రమే పడతాయి. మొత్తం ఎనిమిది వ్యాగన్లుంటాయి. చీటీలు తీసి అయిదింటిని ఎంచుకుని, చీటీల వరుసలోనే వాటిని రైలుగా కూర్చాలి. ఆ వరుసలు 6,720 రకాలుగా వస్తాయి. పైకప్పు లేని 10.7 మీటర్ల బాక్స్‌ఎన్ వ్యాగన్లతో లెక్క వేస్తే హెచ్‌ఓలో ఐదున్నర అడుగులు, ఎన్‌లో మూడున్నర అడుగులు ఉంటే ఇది కుదురుతుంది. వెడల్పు అడుగు చాలు. పాతకాలపు నాలుగు చక్రాల గూడ్సు వ్యాగన్లు వేస్తే ఇంకా తక్కువలో అయిపోతుంది. మిల్లు, ఎరువుల గోదాము, చిన్న గూడ్సు షెడ్డు ఉన్న ఏ తాలూకా కేంద్రం స్టేషనైనా దీనికి నేపథ్యంగా సరిపోతుంది.

అరకు ఘాట్ లాంటిది కట్టవచ్చా? రైలు కొండ ఎక్కాలి.

కొండ కట్టండి, రైలును ఎక్కించవద్దు. ఎన్‌లో ఒక లైను మీదుగా ఇంకో లైను వెళ్లాలంటే దాదాపు 5 సెం.మీ. ఎత్తు కావాలి. నలభైకి ఒకటి వాలులో ఆ ఎత్తుకు 2 మీటర్ల లైను, దిగడానికి ఇంకో 2 మీటర్లు. 4 అడుగుల బల్ల మీద చుట్టు మొత్తం కలిపినా 3 మీటర్లు రాదు. వాలు పెంచితే ఇంజిను చక్రాలు జారుతాయి.

పట్టాలను సమతలంగా ఉంచి, వాటికి ఒకవైపు కొండను లేపండి, రెండోవైపు బల్లను కోసి లోయ దించండి. అరకు మీదుగా వెళ్లే కొత్తవలస–కిరండూల్ మార్గం మీద కంటికి కనిపించేదీ అదే: ఒక పక్క తొలిచిన రాతిగోడ, ఇంకో పక్క లోయ, యాభైకి పైగా సొరంగాలు. రైలు ఎక్కుతోందా లేదా అన్నది ప్రయాణికుడికి కూడా అంతగా తెలియదు. సొరంగాలు మీ మూల వంపుల్ని దాచిపెడతాయి కాబట్టి ఈ దృశ్యం చిన్న బల్లకు సహజంగానే కుదురుతుంది. సొరంగం వెనుకవైపు చెయ్యి దూరేంత కంత తప్పనిసరిగా వదలండి.

గోదావరి వంతెన?

రాజమహేంద్రవరంలో 1997లో పూర్తయిన ఆర్చి వంతెనకు 28 స్పాన్లు (రెండు స్తంభాల మధ్య భాగాలు), ఒక్కొక్కటి 97.5 మీటర్లు. ఎన్‌లో ఒక్క స్పానే 61 సెం.మీ. వంతెన మొత్తం కట్టాలంటే 17 మీటర్ల గది కావాలి. ఒకే ఒక ఆర్చిని బల్ల ముందు అంచున నిలబెట్టి, ఇరువైపులా చట్రం అంచుతో దృశ్యాన్ని కోసేయండి. నది ఇంకా ఉందని చూసేవారి మనసే పూర్తి చేసుకుంటుంది. అక్కడి 1900 నాటి హేవలాక్ వంతెన గర్డర్లు ఇంకా అనుకూలం: 45.7 మీటర్ల స్పాన్ ఎన్‌లో 29 సెం.మీ. లోపే వస్తుంది, రెండు స్పాన్లు హాయిగా పడతాయి. నీళ్లకు గోధుమ రంగు కలిసిన ఆకుపచ్చ వేయండి. వరద గోదావరి నీలంగా ఉండదు.

బల్ల దేనితో చేయించాలి?

9 లేదా 12 మి.మీ. ప్లైవుడ్, కింద 2 అంగుళాల చెక్క చట్రం. 8×4 అడుగుల షీటులో 4×2½ అడుగుల ముక్కలు మూడు వస్తాయి, దుకాణంలోనే కోయించుకోవచ్చు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్టణాల్లో ఉంటే తేమను తట్టుకునే రకం ప్లైవుడ్ కొని, రెండు వైపులా, అంచులకు కూడా పెయింటు వేయండి. ఒకవైపే వేస్తే పలక వంగిపోతుంది.

పైన నేల కోసం థర్మాకోల్ తేలిక, చవక. కానీ కొన్ని జిగుర్లూ స్ప్రే పెయింట్లూ దాన్ని కరిగించేస్తాయి. తెల్ల ఫెవికాల్, నీటి రంగులు వాడితే ప్రమాదం లేదు.

పట్టాలు ఎలాంటివి కొనాలి?

నికెల్ సిల్వర్ పట్టాలు కొనండి. ఇత్తడివి త్వరగా నల్లబడతాయి, ఉక్కువి తేమకు తుప్పు పడతాయి. కింద కట్ట అచ్చు పోసి ఉన్న పట్టాలు కొత్తవారికి సులువు, నచ్చకపోతే విప్పి మార్చుకోవచ్చు. వేసవిలో లోహం సాగుతుంది, కాబట్టి విడి పట్టాలు వేసేవారు అతుకుల దగ్గర సన్నని సందు వదలాలి.

కరెంటు సంగతి? డీసీసీ అవసరమా?

ఒకసారికి ఒక ఇంజినే నడిచే చిన్న లేఅవుట్‌కు మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్ చాలు. పట్టాల్లో వోల్టేజి పెంచితే వేగం, దిశ మారిస్తే రైలు వెనక్కు. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో పట్టాల్లో ఎప్పుడూ విద్యుత్తు ఉంటుంది, ప్రతి ఇంజినులో ఉన్న డీకోడర్ తనకు వచ్చిన ఆదేశాన్నే వింటుంది. లైట్లు, హారన్ శబ్దం, ఒకే లైను మీద రెండు ఇంజిన్లు కావాలంటే అది మంచిదే, కానీ ఆ డబ్బును మొదట మంచి ఇంజిను మీద పెట్టండి.

పట్టాలకు మీటరుకు ఒకచోట చొప్పున వైరు అందించండి. పట్టాల ముక్కలను కలిపే జాయినర్ల మీదే ఆధారపడితే దూరపు చివర రైలు నెమ్మదిస్తుంది. రైలు వెళ్లిన దారినే తిరిగి ఎదురొచ్చేలా లూపు వేస్తే రెండు పట్టాలూ కలిసి షార్ట్ అవుతుంది. మొదటి ప్లానులో అలాంటి లూపు పెట్టవద్దు.

జపాన్ నుంచి కంట్రోలర్ తెప్పించుకున్నాను. నేరుగా పెట్టవచ్చా?

ముందు అడాప్టర్ మీద ఏం రాసి ఉందో చదవండి. జపాన్‌లో ఇంటి కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120. మనది 230. 100 అని మాత్రమే రాసి ఉంటే మన ప్లగ్గులో పెట్టగానే కాలిపోతుంది, నిప్పంటుకునే ప్రమాదం కూడా ఉంది. 100–240 అని ఉంటే నిర్భయంగా వాడవచ్చు. లేకపోతే అదే డీసీ వోల్టేజి, తగినంత ఆంపియర్లు ఇచ్చే మన దేశపు అడాప్టర్ కొనండి. పిన్ను ధ్రువాలు కూడా సరిచూసుకోండి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే సెట్లకూ ఇదే మాట.

కంకర ఎలా పరచాలి?

నాకు ఈ పని మీద ప్రత్యేకమైన మక్కువ. లేఅవుట్ బొమ్మలా ఉందా, రైల్వేలా ఉందా అన్నది ఇక్కడే తేలుతుంది.

నిజమైన కంకర రాయి సుమారు 50 మి.మీ. హెచ్‌ఓలో అది 0.6 మి.మీ., ఎన్‌లో 0.3. మార్కెట్లో దొరికే చాలా కంకర దీనికన్నా పెద్దది, చూడటానికి బండరాళ్లు పరిచినట్టు ఉంటుంది. ఇసుకను రెండు జల్లెడలు పట్టండి: ముందు టీ వడకట్టే జల్లెడతో పెద్దవి తీసేయండి, తర్వాత పిండి జల్లెడతో దుమ్ము పోగొట్టండి. మధ్యలో మిగిలింది మీది. దాన్ని కడిగి, ఎండబెట్టి, కాగితం మీద పరచి, అయస్కాంతం ఆడించండి. ఇది మానకూడదు. ఇసుకలో ఇనుప ఖనిజం రేణువులుంటాయి. భీమునిపట్నం వైపు సముద్రపు ఇసుకలో నల్లటి ఖనిజాలు మరీ ఎక్కువ. అవి ఇంజిను మోటారు అయస్కాంతానికి అంటుకుని లోపల చేరితే మోటారు పాడవుతుంది.

ఇప్పుడు చెంచాతో పట్టాల మధ్య కొద్దికొద్దిగా పోసి, మెత్తని కుంచెతో సర్దండి. కుంచె కర్రతో పట్టాన్ని మెల్లగా తడితే స్లీపర్ల మీద నిలిచిన రేణువులు జారి సందుల్లో పడతాయి. పొడిగా ఉన్నప్పుడే అందంగా కుదరాలి, జిగురు పడ్డాక దిద్దడం ఉండదు. ఒక్క చుక్క గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటిని స్ప్రేతో మంచులా చల్లండి. ఆ చుక్క లేకపోతే జిగురు ముత్యాల్లా పైనే నిలిచి ఇసుకను ఉండలు కట్టిస్తుంది. తర్వాత ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో కలిపి సూది తీసేసిన సిరంజితో చుక్కలుగా వదలండి. పాల రంగు లోపలికి ఇంకిపోవాలి. రాత్రంతా కదపవద్దు. పాయింట్ల కదిలే నాలుకల దగ్గర మాత్రం జిగురు చుక్క కూడా పడనివ్వకండి.

చెట్లూ గడ్డీ కొనాలా?

కొననక్కరలేదు. ఎండు గడ్డికి కొబ్బరి పీచు, గోనె పీచు. తుప్పలకు రంగు వేసిన రంపపు పొట్టు. నేలకు మీ ఊరి మన్నే జల్లించి వాడండి, తెలంగాణ ఎర్రమన్ను రంగు ఏ డబ్బాలోనూ రాదు. తాటిచెట్టు 20 మీటర్లు అనుకుంటే ఎన్‌లో 12.5 సెం.మీ. వస్తుంది. పుల్లకు సన్నని దారం చుట్టి, పైన కత్తిరించిన కాగితం విసనకర్రలు అతికిస్తే సరి. విదేశీ సెట్లలో వచ్చే దేవదారు చెట్లు పెట్టకండి. ఒక్క తాటిచెట్టు చూడగానే ఇది మన లైను అని తెలియాలి.

స్టేషను మన స్టేషనులా కనిపించాలంటే?

పసుపు బోర్డు మీద నల్లని అక్షరాలు, పైన తెలుగు, తర్వాత హిందీ, ఇంగ్లీషు, అడుగున సముద్ర మట్టం నుంచి ఎత్తు. బోర్డు రెండు చివర్లా ఉండాలి. వేపచెట్టు చుట్టూ సిమెంటు అరుగు, నీళ్ల కుళాయిల వరుస, తీగ మీద ఆరేసిన దుప్పట్లు. మనుషుల ఎత్తు హెచ్‌ఓలో 19 మి.మీ., ఎన్‌లో 10 మి.మీ. విదేశీ బొమ్మల కోటుల మీద రంగు వేసి చీరలు, పంచెలుగా మార్చవచ్చు. మీ ఊరి స్టేషనుకు వెళ్లి, ఫొటోలకు అనుమతి ఉందో లేదో అడిగి, కొలతలు అడుగులతో లెక్కపెట్టుకు రండి. ప్లాట్‌ఫాం మాత్రం మూడు బోగీలకే సరిపెట్టండి.

ఇంజిను ఆగి ఆగి నడుస్తోంది.

పట్టాలు మురికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన నూలుగుడ్డతో తుడవండి, చక్రాలు కూడా. గరుకు కాగితం వాడితే గీతలు పడి మురికి ఇంకా పట్టేస్తుంది.

దుమ్ము, చీమలు?

నడపనప్పుడు ప్లాస్టిక్ షీటు కప్పండి. పాత చీర కప్పితే దాని నూలు పోగులు రాలి ఇరుసులకు చుట్టుకుంటాయి. కాగితపు గుజ్జు కొండలకు మైదా జిగురు వాడితే చీమలూ బొద్దింకలూ పడతాయి. పుస్తకాల బైండింగువారు దాంట్లో మైలుతుత్తం కలుపుతారు కానీ అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఫెవికాల్‌తోనే చేయండి.

ఖర్చు ఎలా అదుపులో ఉంచాలి?

ఇంజిను, పట్టాలు, కంట్రోలర్ కలిసి ఉన్న స్టార్టర్ సెట్టుతో మొదలుపెట్టండి, విడిగా కొనడం కన్నా చవక. విదేశం నుంచి తెప్పిస్తే వస్తువు ధరకు రవాణా, కస్టమ్స్ సుంకం కలుపుకుని చూసుకోండి. ఒక మంచి ఇంజిను, నాలుగు వ్యాగన్లు చాలు. ఆ పైన డబ్బు అక్కరలేని పనే ఎక్కువ: మన్ను, కాగితం, ఓపిక.

అద్దె ఇల్లు. మారాల్సి వస్తే?

అది మొదటి రోజే ఆలోచించాలి. బల్లను 4 అడుగులకు మించని ముక్కలుగా కట్టి, బోల్టులతో కలపండి. ముక్కల అతుకు పాయింట్ల మీద, వంపుల మీద పడకూడదు, పట్టాలు నేరుగా దాటే చోటే ఉండాలి. అక్కడ పట్టాల చివరలను కిందనున్న ఇత్తడి స్క్రూలకు టంకం పెట్టండి, లేకపోతే ప్రయాణంలో వంగిపోతాయి. వైర్లకు ప్లగ్గులు పెట్టి, ఏది ఎక్కడికో తెలుగులోనే చీటీలు అంటించండి. గోడ బ్రాకెట్ల రంధ్రాలకు ఇంటి యజమాని అనుమతి ముందే తీసుకోండి. లిఫ్టు తలుపు వెడల్పు, మెట్ల మలుపు కొలవండి. రైళ్లను మాత్రం లారీలో వేయకండి, వాటి పెట్టెల్లో పెట్టి చేతి సంచిలో తీసుకువెళ్లండి.